హాల్‌స్టెడ్ వీథిలోని శాంతివిద్య

ఇంగ్లండు దేశమందలి బ్రాడ్‌ఫర్డు విశ్వవిద్యాలయమున 1973వ సంవత్సరమందు శాంతిశాస్త్రమునకు ప్రత్యేకశాఖ యొకటి నెలకొల్పబడెను. ఆడమ్ కర్ల్ అను క్వేకరు మతస్థుడు దానికి మొదటి ఆచార్యుడు. అంతకు పూర్వమే, 1948లో, అమెరికాయందలి ఇండియానా రాష్ట్రమున మాంచెస్టరు కళాశాలలో గ్లాడిస్ మ్యూర్ అను విదుషీమణి శాంతివిషయమున పాఠక్రమము నొకదానిని ప్రారంభించెను. శాంతివిద్య యొక్క చరిత్ర వ్రాయువారు సామాన్యముగా ఈ తేదీలతోనే మొదలుపెట్టుదురు. నాకది యుక్తముగా తోపదు. పాఠ్యప్రణాళికలలో పేరెక్కుటకు అఱువదియేండ్లకు ముందే ఆ విద్య చికాగో నగరమున, చెత్త పేరుకొనిన వీథిలో, ఒక పాతయింట, ఇరుగుపొరుగు స్త్రీల నడుమ సాగుచుండెను. అచ్చట గురువు లెవరో శిష్యు లెవరో చెప్పుట కష్టము. ఆ యింటికిని విశ్వవిద్యాలయములకును నడిచిన సంబంధము మిక్కిలి విచిత్రమైనది. నేను చెప్పదలచిన దదియే.

దాని మూలము లండనులో నున్నది. ఆ నగరపు తూర్పుభాగము నాడు దారిద్ర్యమునకు పేరుపడినది. అచ్చటి వైట్‌చాపెల్ పేటకు 1873లో మతాచార్యుడుగా వచ్చిన సామ్యుయెల్ బార్నెట్టును, ఆయన భార్య హెన్రియెట్టాయును పదేండ్లు పనిచేసి యొక సంగతి గ్రహించిరి. ధనికులు పంపెడు దానము బీదవాని యాకలిని ఒకపూట తీర్చును గాని, ఇరువురి నడుమ నున్న గోడను తీయజాలదు. 1883లో బార్నెట్టు ఆక్స్‌ఫర్డుకు పోయి, విద్యార్థులు ధనము పంపుటకంటె తామే వచ్చి ఆ పేటలో కాపురముండుట మేలని ఉపన్యసించెను. మఱుసటి సంవత్సరము టాయిన్‌బీ హాల్ అను గృహము వెలసెను. 1883లో ముప్పదియేండ్ల ప్రాయమున మరణించిన ఆర్నాల్డ్ టాయిన్‌బీ యను అధ్యాపకుని పేరు దానికి పెట్టిరి. తరువాత బ్రిటనుకు ప్రధానమంత్రి యైన ఆట్లీయు, సాంఘికభద్రతా ప్రణాళికను 1942లో రచించిన బెవరిడ్జియు యౌవనమున అచ్చట కొంతకాలము పనిచేసినవారే.

1888లో ఆ గృహమును చూడవచ్చిన అమెరికా యువతి జేన్ ఆడమ్స్. ఆమె 1860లో ఇలినాయి రాష్ట్రమున ఒక చిన్న యూరిలో, కలిగినవారి యింట పుట్టెను. రాక్‌ఫర్డు స్త్రీవిద్యాలయమున చదువు ముగించి, వైద్యవిద్య నారంభించి, అనారోగ్యముచే దానిని విడిచి, ఏ పనియు లేక కొన్నియేండ్లు గడిపెను. కూతుండ్రను చదివించిన పెద్దలే, చదువు ముగిసిన పిదప ఆ చదువుతో వారేమి చేయవలెనో చెప్పలేని కాలమది. ఆ చిక్కు మన యిండ్లలో నేటికిని పూర్తిగా తీఱలేదని చదువరు లెఱుగుదురు. టాయిన్‌బీ హాలునుండి మరలివచ్చి, 1889 సెప్టెంబరులో ఎలెన్ గేట్స్ స్టార్ అను స్నేహితురాలితో కలసి, చికాగోలో హాల్‌స్టెడ్ వీథియందు, హల్ అను వర్తకుడు 1856లో కట్టించిన యింట ఆమె కాపురము పెట్టెను. దానికే హల్ హౌస్ అని పేరు. ఇటాలియనులు, గ్రీకులు, జర్మనులు, రష్యానుండి పాఱివచ్చిన యూదులు, బొహీమియనులు, ఐరిషువారు ఆ పేటలో నివసించుచుండిరి. మొదటి యేడు ముగియకముందే ఆ గుమ్మము త్రొక్కినవారు వేలకొలది యైరి.

బోధించుటకు వచ్చినవారు బోధింపబడుట అచ్చట వంటయింటనే మొదలైనది. పేటలోని స్త్రీలు పగలెల్ల కుట్టుపని చేసి వంటకు తీఱిక లేక, పిల్లలకు అంగడిసరకు పెట్టుచుండిరి. దానిని చూచి హల్ హౌస్ వారు, బోస్టను నగరమున జరుగుచుండిన ప్రయోగముల ననుసరించి, శాస్త్రీయముగా పుష్టినిచ్చు పులుసులును కూరలును చౌకగా వండి యమ్ము పాకశాలను పెట్టిరి. ఖర్చు తక్కువ, బలమెక్కువ, శుచి సంపూర్ణము. కొనువారు మాత్రము తక్కువ! పొరుగింటి యామె యొకతె, ఆ తిండి పుష్టికరమే కావచ్చును గాని తాను పుష్టికొఱకు తినుట లేదనియు, తన మనసు కోరినది తినుట తన కిష్టమనియు చెప్పినదట. ఈ మాటను ఆడమ్స్ తన ఆత్మకథలో దాచక వ్రాసికొన్నది. ఒక్కొక్క జాతివారికి ఒక్కొక్క రుచి కలదనియు, ఆ రుచి వెనుక తల్లియు నవ్వయు విడిచివచ్చిన యూరును కలవనియు ఆమెకు తెలిసినది. సంస్కారము పేరిట మనమును పరుల వంటయింట ఎన్నిమార్లు చొరబడుచున్నామో లెక్కించుకొనవచ్చును.

మఱియొక సంగతి దీనికంటె లోతైనది. వలస వచ్చినవారి పిల్లలు బడిలో ఇంగ్లీషు నేర్చి, కర్మాగారములలో కూలి సంపాదించి, తలకు గుడ్డ కట్టుకొని తిరిగెడు తల్లులను చూచి సిగ్గుపడుచుండిరి. ఒకనాడు వీథిలో పోవుచు ఆడమ్స్ ఒక యిటాలియను వృద్ధస్త్రీ గుమ్మమున కూర్చుండి కదురుతో నూలు వడకుట చూచెను. దానినుండి పుట్టినది 1900లో హల్ హౌస్ నందు వెలసిన శ్రమప్రదర్శనశాల. కదురు మొదలు రాట్నమువఱకును, మగ్గము మొదలు ఆవిరియంత్రమువఱకును నేతపని క్రమమంతయు అందు చూపబడెను. వడకువారును నేయువారును అద్దముల వెనుక పెట్టిన బొమ్మలు కారు, పేటలోని వృద్ధులే. వంటనేర్చుకొనుటకు వచ్చు ఇటాలియను బాలిక యొకతె, తల్లితో కలసి వచ్చిన దని యెవరికిని తెలియకుండుటకై వేఱు ద్వారమున వచ్చుచుండెడిది. ఒక సాయంకాలము చదువుకొనిన దొరసానులు తన తల్లి చుట్టు గుమిగూడి ఆమె హస్తకౌశలమును మెచ్చుకొనుట ఆ పిల్ల కంటబడెను. నాటినుండి తల్లితో ఒకే ద్వారమున రాసాగెను. కదురునకు రాజకీయార్థము మన దేశమున కలుగుటకు ముందే, ఒక తల్లికిని కూతురునకును నడుమ సంధి కుదుర్చుటకు అది పనికివచ్చినది.

హల్ హౌస్ వా రీవిధముగా వినుటతోనే ఆగలేదు, లెక్కించిరి కూడ. 1895లో వారు ప్రచురించిన పటముల గ్రంథమునందు, చదరపు మైలులో మూడవవంతు పాటి చోటున నివసించు పదునెనిమిది జాతులవారు ఏ యింట నెవరున్నారో, వారమునకు ఎంత కూలి వచ్చునో ఇంటింటికి రంగులు వేసి చూపబడెను. ఇంటింటికి తిరిగి వివరములు సేకరించినవారిలో ముఖ్యురాలు ఫ్లోరెన్స్ కెల్లీ. చెమటోడ్చు కుట్టుపనిశాలలను గూర్చి ఆమె పూనికతో 1893లో ఇలినాయి శాసనసభ యొక చట్టము చేసెను. పదునాలుగేండ్లలోపు బాలురను కర్మాగారములలో పెట్టరాదనియు, స్త్రీలచే దినమునకు ఎనిమిది గంటలకు మించి పని చేయింపరాదనియు అందు నిర్ణయింపబడెను. గంటల నిబంధనను రాష్ట్రపు ఉన్నతన్యాయస్థానము 1895లో కొట్టివేసెను. అదే సంవత్సరమున ఆడమ్స్ పేటకు చెత్తపరీక్షకాధికారిణి యయ్యెను. వేకువజామున లేచి చెత్తబండ్ల వెనుక నడచుచు, గుత్తేదారులచే పని చేయించుచుండెడిది. మరణములలో నగరమునందు మూడవదిగా నుండిన ఆ పేట ఏడవదానికి దిగినదని ఆమె సంతోషముతో వ్రాసినది.

1902లో ఆ పేటను సన్నిపాతజ్వరము పట్టెను. అచ్చట నివసించుచుండిన వైద్యురాలు ఆలిస్ హామిల్టన్ మరుగుదొడ్ల యీగలను పట్టి పరీక్షించి, వ్యాధిని వ్యాపింపజేయునవి ఈగలేయని వైద్యపత్రికలో వ్రాసెను. నగరారోగ్యశాఖలో గొప్ప కలవరము పుట్టినది. తరువాత తెలిసిన దేమన, నీటిగొట్టములలో మురుగునీరు కలసి మూడుదినములు పేటకు పాఱినది. అధికారు లా సంగతి కప్పిపుచ్చిరి. ఈగల వాదమున తనకు కీర్తి వచ్చినను అది సరికాదని హామిల్టన్ 1943లో ప్రకటించిన ఆత్మకథయందు స్పష్టముగా చెప్పినది. తన పేరు తెచ్చిన సిద్ధాంతమును తానే త్రోసివేయు శీలము పండితులలో నరుదు. ఆమె 1919లో హార్వర్డు విశ్వవిద్యాలయమున అధ్యాపకపదవి పొందిన మొదటి స్త్రీ యయ్యెను.

ఇంతలో చికాగో విశ్వవిద్యాలయము 1892లో తలుపులు తెఱచినది. తత్త్వశాస్త్రాచార్యుడుగా 1894లో వచ్చిన జాన్ డ్యూయీ హల్ హౌస్ నకు మిత్రుడై, అచ్చట ఉపన్యసించి, అంతకంటె నెక్కువగా అచ్చట నేర్చుకొని, తన కొమార్తెకు జేన్ అని పేరు పెట్టుకొనెను. విశ్వవిద్యాలయాధ్యక్షుడు హార్పరు ఒక యడుగు ముందుకు వేసి, ఆ గృహమును తమ సంస్థలో చేర్చుకొన దలచెను. ఆడమ్స్ 1895లో దాని నంగీకరింపలేదు. పెద్దసంస్థ కడుపులో పడినచో ఆ యిల్లు తన తనమును కోల్పోవునని ఆమె భయము. ధనమునకు కటకటలాడుచుండిన దినములలో ఆమె ఈ మాట చెప్పినది.

పాఠశాలలో నేర్పు శాంతికిని వీథిలో కావలసిన శాంతికిని గల భేదము 1894లో బయటపడినది. రైలుబండ్లు కట్టించు పుల్‌మన్ తన కార్మికులకై యొక చక్కని పట్టణమును కట్టించి, తోటలు వేయించి, తానే తండ్రినని భావించెను. వ్యాపారము మందగింపగా కూలి తగ్గించెను గాని ఇండ్ల అద్దెలు తగ్గింపలేదు. సమ్మె పుట్టినది, మధ్యవర్తిత్వమునకు పుల్‌మన్ ఒప్పుకొనలేదు. రైళ్లు నిలిచిపోగా ప్రభుత్వము సైన్యమును పంపి అణచివేసెను. వీథులలో చప్పుడు ఆగినది. ఆ నిశ్శబ్దమును శాంతి యనవచ్చునా? ఆడమ్స్ ఒక వ్యాసమునందు పుల్‌మనును షేక్స్పియరు నాటకములోని లియరు రాజుతో పోల్చెను. ఇచ్చునది తానే గాన కృతజ్ఞత తనకు చెందునని తలచువాడు, పుచ్చుకొనువారి మనసు పెరుగుట గుర్తింపలేడని ఆమె వాదము. కార్మికులను కూడ ఆమె వదలలేదు. లియరు కూతురు కార్డీలియా తండ్రిని విడిచి తన సుఖము చూచుకొన్నట్లు వారును చేయరాదన్నది. ఇరుపక్షములకును కష్టము కలిగించిన ఆ వ్యాసము 1912వఱకును అచ్చు పడలేదు.

1896లో ఆమె రష్యా పోయి టాల్‌స్టాయిని దర్శించినప్పుడు, ఆ మహానుభావుడు ఆమె చొక్కాచేతులను పట్టి చూచి, ఈ గుడ్డతో ఒక పిల్లకు గౌను కుట్టవచ్చునే యనెనట. తిండి ఎవరు పండించుచున్నారని కూడ అడిగెను. సిగ్గుపడి ఆమె దినమునకు రెండుగంటలు రొట్టెలు కాల్చెదనని నిశ్చయించుకొని ఇల్లు చేరెను. చేరగానే చూచుటకు వచ్చినవారు, విప్పని యుత్తరములు, తీర్పవలసిన తగవులు ఎదురైనవి. తన యాత్మతృప్తికై వీరందఱిని వేచియుండుమనుట తగదని రొట్టెల నిశ్చయమును విడిచినది. టాల్‌స్టాయిని గౌరవించుచునే ఆయనతో విభేదించిన ఈ ఘట్టము నాకు మిక్కిలి ప్రియమైనది. శాంతి యామెకు వ్రతము కాదు, పని.

ఆ పనినుండియే 1907లో ఆమె శాంతిగ్రంథము వెలువడినది. రాజులు సంధిపత్రములపై చేవ్రాళ్లు చేయుట, కత్తి పట్టనని ప్రతినబూనుట, ఇవి ప్రాచీనాదర్శములని ఆమె యభిప్రాయము. స్వదేశములలో తరతరములుగా పోరాడుకొనిన జాతులవారు హాల్‌స్టెడ్ వీథిలో ఒకే కొళాయి నీరు పట్టుకొని, ఒకరి బిడ్డ కొకరు కాపున్నారు. నూతనశాంతికి ఆ నిరుపేదలే ఆచార్యులని ఆమె వ్రాసిన దాని సారము. యుద్ధము లేకుండుటయే శాంతి కాదు, అన్యాయము తొలగుటయు అందు చేరియున్నదని నార్వే పండితుడు యోహాన్ గాల్టుంగ్ 1969లో శాస్త్రపరిభాషలో చెప్పి ప్రసిద్ధి కెక్కెను. ఆయన సైన్యసేవకు ఒప్పుకొనక చెఱకు పోయినవాడు, గాంధీమహాత్ముని రాజనీతిని గూర్చి 1955లో ఆర్నె నాయెస్ తో కలసి గ్రంథము వ్రాసినవాడు. 1959లో ఆస్లోనగరమున శాంతిపరిశోధనాలయమును స్థాపించెను. ఆయన ప్రతిభను తక్కువచేయను. ఆ తలంపు మాత్రము ముందే ఒక వీథిలో పుట్టియుండెనని చెప్పక తప్పదు.

1914లో ఐరోపా మహాయుద్ధము వచ్చెను. 1915 ఏప్రిలులో హేగ్ నగరమున, పోరాడుచున్న దేశములనుండియు తటస్థదేశములనుండియు వచ్చిన స్త్రీలు వేయిమందికి పైగా సభ చేసిరి. ఆడమ్స్ అధ్యక్షురాలు. తటస్థరాజ్యములు ఎడతెగక మధ్యవర్తిత్వము చేయవలెనని తీర్మానించి, ఆ తీర్మానముతో వారు రాజధాని వెంట రాజధానికి తిరిగి మంత్రులతో మాటాడిరి. మరలివచ్చి ఆమె న్యూయార్కులో ఉపన్యసించుచు, బాయినెట్లతో పైబడుటకు ముందు సైనికులకు మత్తుపదార్థ మిచ్చుచున్నారని తాను విన్న మాట చెప్పగా, పత్రికలు మండిపడెను. సైనికుల శౌర్యమును అవమానించినదని నిందించిరి. నిన్నటివఱకు దేశమాతగా పొగడిన నోళ్లే అవి.

విశ్వవిద్యాలయములు ఆ కాలమున నెట్లు నడచుకొన్నవో చూడుడు. వెల్స్‌లీ స్త్రీకళాశాలలో ఇరువదియేండ్లకు పైగా అర్థశాస్త్రము బోధించి, విద్యార్థినులను బీదల పేటలకు తీసికొనిపోయి చూపుచుండిన ఎమిలీ గ్రీన్ బాల్చ్ హేగ్ సభకు పోయినది, యుద్ధమును వ్యతిరేకించినది. యుద్ధము ముగియునప్పటికి ఆమె ఉద్యోగమును కళాశాలవారు మరల కొనసాగింపలేదు. కొలంబియా విశ్వవిద్యాలయాధ్యక్షుడు నికలస్ మర్రే బట్లరు శాంతిసంఘములలో పేరుపొందినవాడే; అయినను 1917లో యుద్ధవిషయమున ప్రభుత్వనీతికి ఎదురాడిన కాటెల్, డేనా అను నిరువురు ఆచార్యులు ఆ విశ్వవిద్యాలయమునుండి తొలగింపబడిరి. దానికి నిరసనగా చరిత్రకారుడు చార్లెస్ బియర్డు రాజీనామా ఇచ్చెను. 1931లో నోబెల్ శాంతిబహుమానమును ఇరువురికి పంచియిచ్చిరి. ఒకరు ఆడమ్స్, రెండవవారు ఆ బట్లరే! వ్యాధిచే ఆమె ఆస్లో పోలేదు. తన భాగమును స్త్రీల శాంతిసంఘమున కిచ్చివేసి, 1935లో మరణించెను. బాల్చునకు 1946లో ఆ బహుమానము వచ్చినది.

ఈ పద్ధతి మన దేశమునకును వచ్చినది. క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అను అమెరికను 1920వ దశకమున బొంబాయి నాగపాడాలో ఇటువంటి పొరుగుగృహమును స్థాపించి, ఆ యనుభవముతో 1936లో టాటా ధర్మనిధి సాయమున సాంఘికసేవా విద్యాలయమును నడపెను. దానికే 1944లో టాటా సాంఘికశాస్త్రసంస్థ యని పేరు మార్చిరి. తెలుగువారికి దుర్గాబాయి దేశముఖ్ గారి ఆంధ్రమహిళాసభ జ్ఞప్తికి రాక మానదు. 1953లో కేంద్ర సాంఘికసంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలైన ఆమె అచ్చట చూపిన నేర్పు ఏ విశ్వవిద్యాలయపు పట్టమునందును దొరకునది కాదు. గాంధీ శతజయంతి సంవత్సరమగు 1969లో 37 విశ్వవిద్యాలయములందు 40,000 విద్యార్థులతో జాతీయసేవాపథక మారంభమైనది. నేడు మన కళాశాలలు పల్లెలను దత్తత తీసికొనుచున్నవి. దత్తత యను మాట నాకు రుచింపదు. పండించి పెట్టువారిని, తినువారు బిడ్డలుగా స్వీకరించుట యేమి? కొన్ని దినములు రోడ్లు ఊడ్చి, ఛాయాచిత్రములు తీయించుకొని పోవు విద్యార్థిని, ఆ యూరి ముసలమ్మ యేమి నేర్చుకొంటివి నాయనా అని యడుగు విధాన మేదైన నుండిన బాగుండును.

హల్ హౌస్ చివరికథ చెప్పవలసియున్నది. 1907నాటికి అది పదమూడు భవనముల సముదాయమై యుండెను. 1961లో చికాగో మేయరు డేలీ, ఇలినాయి విశ్వవిద్యాలయమునకు నగరమున నూతనాలయము కట్టుటకు ఆ పేటనే చూపెను. ఆ పేటలో పుట్టి పెరిగి, హల్ హౌస్ లోనే చదువు నేర్చిన ఫ్లోరెన్స్ స్కాలా అను ఇటాలియను వంశపు స్త్రీ పొరుగువారిని కూడగట్టుకొని పురపాలకసంఘమున ధర్నా చేసెను, న్యాయస్థానముల కెక్కెను. ఎనుబదియేండ్లు దాటిన జెస్సీ బిన్‌ఫర్డ్, ఆడమ్స్ నాటినుండి అచ్చటనే నివసించుచుండిన వృద్ధురాలు, ఆమె ప్రక్క నిలిచెను. హల్ హౌస్ ధర్మకర్తలు మాత్రము మూల్యము పుచ్చుకొని స్థలము నిచ్చివేసిరి. 1963లో అమెరికా సుప్రీముకోర్టు వారి మొఱ విననొల్లలేదు. ఇటాలియనులు, గ్రీకులు, మెక్సికనులు వేలకొలది ఇండ్లు వదలి పోయిరి, అంగళ్లు కూలినవి. 1965లో విద్యాలయము తెఱవబడెను. పాతయింటిని, నివాసుల భోజనశాలను మాత్రము నిలిపి, ప్రదర్శనశాలగా చేసిరి. విశ్వవిద్యాలయమందలి సాంఘికసేవా కళాశాలకు జేన్ ఆడమ్స్ పేరే పెట్టిరి. వేఱుచోట్లకు చెదరిపోయి పని సాగించుచుండిన హల్ హౌస్ సంఘము ధనము చాలక 2012 జనవరిలో మూతబడెను. దానిలో పనిచేయువారికిని, దానిపై నాధారపడిన తల్లులకును ఆ వార్త కొద్దిదినముల ముందు మాత్రమే తెలిసినది.